మొగ్గు

కుతైసీ బజారులో నాది గింజల కొట్టు.
ఎదురుగా జుంబెర్ మాంసం దుకాణం.
మధ్యలో నాలుగడుగుల దారి,
ముప్పై ఒక్క ఏళ్లు.
ఆ దారి దాటి వచ్చి
ఒక్క చిక్కుడు గింజ కొన్నవాడు కాదు.

"గింజలు పావురాలకు, త్సియాలా" అనేవాడు.
కొక్కేన వేలాడే దూడ గుండెకాయను దించి
అరచేతిలో ఎగరేసి బరువు చెప్పేవాడు.
త్రాసు తర్వాత ఒప్పుకునేది.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
పంది తొడ భుజానికెత్తుకుంటూ
దారి మధ్యలోనే కూలబడ్డాడు.
నీళ్లన్నారెవరో, వోడ్కా అన్నారెవరో.
నేను అతని తల కింద గింజల సంచి పెట్టాను.
నా సరుకు అతనికి మొదటిసారి
పనికొచ్చింది అలా.

జూన్‌లో వచ్చాడు, చొక్కా వదులై.
డాక్టర్ నానులి రాసిచ్చిన కాగితం
జరిమానా రసీదులా నా ముందు పెట్టాడు.
ఎర్ర చిక్కుడు గింజలు.
వాల్‌నట్లు, వేయించనివి, గుప్పెడు.
వెల్లుల్లి. ఆకుకూర ఏదైనా, రోజూ.
ఉప్పు తగ్గించు, కింద రెండు గీతలు.
ఇంకా కింద, చిన్న అక్షరాల్లో,
కోపం కూడా.

మనిషి గుండె పిడికిలంతే అని
ఆవిడ చెయ్యి ముడిచి చూపించిందట.
"దూడది ఇంకా పెద్దది" అన్నాడట ఇతను.

గింజను వెలుతురుకు పట్టి
"దీన్నెలా తింటారు?" అని అడిగాడు.
నవ్వు ఆపుకుని చెప్పాను.
రాత్రి నానబెట్టు. ఆ నీళ్లు పారబొయ్యి.
మట్టికుండలో, సన్నని సెగ మీద,
నువ్వు తిట్టుకోవలసిన వాళ్లందరినీ
తిట్టుకోవడం పూర్తయ్యేదాకా ఉడకనియ్యి.
గరిటె వెనకతో సగం మెదుపు, సగం వదిలెయ్యి.
కొత్తిమీర, వెల్లుల్లి, చిటికెడు నీలిమెంతి పొడి.
ఉప్పేదని నాలుక అడుగుతుంది.
పుల్లటి రేగుపండు గుజ్జు ఒక చెంచా వేసి
దాని నోరు మూయించు.

ఆకుకూర ఎక్కడ దొరుకుతుందన్నాడు.
నీ బూటు కింద చూసుకో అన్నాను.
రాతిపలకల సందుల్లో
ఎర్రకాడల గంగవాయిలి,
అతను ముప్పై ఒక్క ఏళ్లు తొక్కినా
ఏ ఏడూ పగపట్టనిది.
"దందూరీనా! మేకల మేత కదా!"
మేకలెప్పుడైనా దారిలో పడిపోయాయా అన్నాను.
మర్నాడు మా పెరట్లోది ఒక కట్ట తెచ్చిచ్చాను,
వాల్‌నట్ ముద్దతో కలిపి నూరుకోమని.

అప్పటినుంచి మంగళవారాలు అతనివి.
ఒక వారం, రియోనీ వంతెన రెండుసార్లు దాటానన్నాడు.
ఒక వారం, చేపల వరసలో దాక్కుని
సిగరెట్ కాలుస్తూ దొరికాడు.
మేనల్లుడి పెళ్లి విందులో
వేయించిన మాంసం పళ్లెం ముందు నుంచి పోతుంటే
పాత ప్రియురాలు వేరొకరి చెయ్యి పట్టుకు నడుస్తున్నట్టు
చూశాడు.
ఒక్క ముక్క తిన్నాడు. నేను లెక్కపెట్టాను.
మిగతా రాత్రంతా మొక్కజొన్న రొట్టె, గింజల కూర,
చిరచిరలాడుతూ.

ఇదంతా చెప్పింది నిన్నటి సంగతి చెప్పడానికి.

నిన్న కిలో గింజలు తూచి ఇచ్చాను.
సంచిని అరచేతిలో ఒకసారి ఎగరేశాడు.
పాత అలవాటు.
"నలభై గ్రాములు తక్కువ" అన్నాడు.

నా చెవులు వేడెక్కాయి.
ఎప్పటినుంచి తెలుసు?
"నువ్వు ఆ త్రాసు కొన్న ఏడాది నుంచి.
నేను నీ దగ్గర కొనేవాణ్ణి కాదుగా."

ఎవరితోనూ అనలేదు, ఇన్నేళ్లూ.
నాతో కూడా.

బస్తాలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీశాను.
సంచి మీద విప్పబోతూ
ఎందుకో ఒక్క క్షణం మూసే ఉంచాను.
లోపల గింజలు సర్దుకున్నాయి, మెత్తగా,
ఏదో కొట్టుకున్నట్టు.

వదిలాను.
సంచి మళ్లీ ఎగరేశాడు, కళ్లు మూసుకుని.

"ఇంకో రెండు" అన్నాడు జుంబెర్.